ఐసు ఆగకూడదన్న మనిషి

ఫిషింగ్ హార్బరు రోడ్డులోని ఐసు ఫ్యాక్టరీలో నేను పన్నెండేళ్లు గుమాస్తాగా చేశాను. హాజరు పట్టీ రాయడం, లోడింగు చీటీలు ఇవ్వడం, ఓనరుగారి ఉత్తరాలు టైపు చెయ్యడం నా పని. ఇది అప్పలసూరి కథ, నాది కాదు. కానీ ఇందులో నేను చేసిన పని ఒకటుంది. అది దాచేస్తే మిగతాదంతా చెప్పి లాభం లేదు.

అప్పలసూరిది చోడవరం వైపు పల్లె. ఇంటికి కాస్త మెట్ట భూమి ఉండేది. వరసగా రెండేళ్లు వానలు మొహం చాటేస్తే, పెళ్లాం దేముడమ్మని వెంటబెట్టుకుని విశాఖ వచ్చాడు. కొన్నాళ్లు పోర్టులో బస్తాలు మోశాడు. మా ఫ్యాక్టరీ తెరిచినప్పుడు కంప్రెసరు గదిలో అసిస్టెంటుగా చేరాడు. అప్పటికి ముప్ఫై దాటాయేమో. పొట్టి మనిషి, గట్టి చేతులు. అక్షరాలు కూడబలుక్కుని చదివేవాడు గానీ రాయడం రాదు.

ఐసు ఎలా చేస్తారో చూడనివాళ్లకి రెండు ముక్కలు చెప్తాను. పొడుగాటి రేకు డబ్బాల్లో మంచినీళ్లు నింపి, ఉప్పునీళ్ల ట్యాంకులోకి దించుతారు. ట్యాంకులో గొట్టాలుంటాయి, వాటిలో అమ్మోనియా తిరుగుతుంది. కంప్రెసరు దాన్ని తిప్పుతూనే ఉండాలి. రెండో రోజుకి డబ్బాలో నీళ్లు దిమ్మ కడతాయి. అమ్మోనియా గొట్టంలో ఉన్నంతసేపూ మన పనివాడు, బయటికొస్తే ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుంది.

కంప్రెసరు గదికి హెడ్డు చలమయ్య. కాకినాడలో పదేళ్లు చేసి వచ్చిన ఘటికుడు. ఏ వాల్వు దేనికో ఆయనకొక్కడికే తెలుసు. గదిలో పద్నాలుగు వాల్వులుండేవి, ఒక్కదాని మీదా పేరు లేదు.

డెబ్భై ఎనిమిది మే నెలలో ఒక రోజు పదకొండు గంటల వేళ చలమయ్య మిషను బెల్టు కొనడానికి వన్ టౌన్ వెళ్లాడు. తాతబాబు అనే పనివాడు ట్యాంకు మీద నిలబడి గొలుసుతో డబ్బాలు పైకి లాగుతున్నాడు. ట్యాంకు పక్కన గొట్టం జాయింటు పగిలింది. గేటు దగ్గర నా బల్లకి ఆ చప్పుడు పెద్దగా వినపడలేదు. ముందు కళ్లు మండాయి, తర్వాత గొంతు పట్టేసింది. అందరం రోడ్డు మీదికి పరిగెత్తాం. తాతబాబు రాలేదు.

అప్పలసూరి తువ్వాలు తడిపి మొహానికి చుట్టుకుని లోపలికి వెళ్లాడు. ఒక వాల్వు కట్టేసి వచ్చాడు, గ్యాసు ఆగలేదు. మళ్లీ వెళ్లి ఇంకోటి కట్టాడు. దానికీ ఆగలేదు. మూడోసారి వెళ్లి, బయటికొచ్చి మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"ఏ వాల్వు బాబూ? ఏదో తెల్దు బాబూ!" అని నా కాళ్లు పట్టుకుని ఊపేస్తున్నాడు. నాకేం తెలుసు?

ఇరవై నిమిషాలకి చలమయ్య రిక్షాలో వచ్చాడు. భుజాన కొత్త బెల్టు ఉంది. దాన్ని అక్కడే పారేసి, నూనె డ్రమ్ముల వెనక్కి దూరి ఒక చక్రం తిప్పి వచ్చాడు. అంతే, గ్యాసు ఆగిపోయింది. ఆయన లోపల ఉన్నది ఒక నిమిషం.

తాతబాబుని బయటికి మోసుకొచ్చి పెద్దాసుపత్రిలో చేర్చాం. మూడో రోజున పోయాడు.

దినం అయ్యాక అప్పలసూరి నా ఎదుటే చలమయ్యని నిలదీశాడు. "ఆ ఒక్క వాల్వు ఎక్కడుందో నాకెందుకు సెప్పనేదు మావా?"

"కాకినాడలో ఇద్దరికి నేర్పినాన్రా. ఆలకి పనొచ్చిన నెలకే నన్ను పంపీసినారు. సెప్పీసినాక ఇంక నానెందుకు ఈలకి?"

"తాతబాబు సచ్చిపోనాడు మావా."

"నాకు తెల్దేటి?" అన్నాడు చలమయ్య. ఆ నెలాఖరుకి పని మానేసి ఊరెళ్లిపోయాడు. తర్వాత ఎవరికీ కనపడలేదు.

హెడ్డు పని అప్పలసూరికి వచ్చింది. చేరిన మర్నాడే ఎరుపూ పసుపూ రంగు డబ్బాలు తెచ్చాడు. నూనె డ్రమ్ముల వెనకున్న వాల్వుకి ఎరుపేసి, డ్రమ్ములు అక్కణ్ణుంచి తీయించాడు. గొట్టాల వెంట తిరిగి ఏది దేనికో పట్టుకుని, మిగతావాటికి నంబర్లు వేశాడు. తర్వాత నా దగ్గరికొచ్చి, "గుమాస్తాబాబూ, నాను సెప్తాను, మీరు రాయాల" అన్నాడు.

అలా మొదలైంది ఆ నోటుబుక్కు. మధ్యాహ్నం అన్నాల వేళ అతను నా బల్ల పక్కన గొంతుక్కూచుని చెప్పేవాడు. అన్నీ ప్రశ్నలే. కరెంటు పోతే ఏటి? మున్సిపాలిటీ నీల్లు రాకపోతే ఏటి? బెల్టు తెగితే? ఉప్పు అయిపోతే? పండక్కి సగం మంది రాకపోతే? ఒక్కో ప్రశ్నకి ఒక పేజీ. ఆ పేజీలో ఎవరు ఏం చెయ్యాలో, ఎంతసేపట్లో చెయ్యాలో, అది కుదరకపోతే ఇంకేం చెయ్యాలో రాయించేవాడు. కరెంటు పోయాక ట్యాంకులో చల్లదనం ఎన్ని గంటలు నిలుస్తుందో మాటవరసకి చెప్పలేదు, గడియారం పెట్టుకుని చూసి చెప్పాడు. పక్క ఐసు ఫ్యాక్టరీ హెడ్డుని వెళ్లి కలిసి, బెల్టులూ ఉప్పూ ఒకరికొకరు సాయం పెట్టుకునేలా మాట తీసుకున్నాడు. ఆ మాటా ఒక పేజీకెక్కింది.

ఒక రోజు, "రాయండి. అప్పలసూరి లేకపోతే ఏటి?" అన్నాడు.

నేను కలం ఆపాను. "అదెందుకు?"

"సలమయ్య మావ బెల్టుకెల్లినప్పుడు ఏటయ్యింది? నాను మాత్రం ఎప్పుడూ ఇక్కడే ఉంటానేటి? రాయండి బాబూ."

అది అన్నిట్లోకీ పెద్ద పేజీ అయింది. నిజానికి ఆరు పేజీలు. అతని చేతిలో ఉన్న పనంతా అందులో దించేశాడు.

నెలకో ఆదివారం అతను చేసే తమాషా ఒకటుండేది. పనిలోకొచ్చి, "ఇయాల నాను సచ్చిపోనాను. మీరే సూసుకోండి" అని గేటు దగ్గర స్టూలు మీద కూర్చునేవాడు. చుట్ట కాల్చుకుంటూ కూర్చునేవాడు గానీ, లోపలికొచ్చి ఒక్క మాట సాయం చేసేవాడు కాదు. మొదట్లో పనివాళ్లు తడబడేవారు, కోప్పడేవారు. గవర్రాజు అని ఆనందపురం నుంచి వచ్చిన మనిషి మాత్రం తొందరగా పట్టుకున్నాడు. ఏడాది తిరిగేసరికి మంచు గదిలో పనిచేసేవాడు కూడా కళ్లు మూసుకుని ఎర్ర వాల్వు దగ్గరికి వెళ్లగలిగేవాడు.

మా ఓనరు గురునాథరావు గారికి ముందు ఇదంతా పనీపాటూ లేని వ్యవహారంలా ఉండేది. "ఏమయ్యా, నెల నెలా చావడం ఏమిటి? దేనికిదంతా?" అని అడిగారొకసారి.

అప్పుడే కాసులమ్మ అనే పల్లెకారుల ఆవిడ బుట్టతో ఐసు కోసం వచ్చి నిలబడి ఉంది. వేటకెళ్లే ఇంటి మనిషి. మొగుడు కన్నబాబు చిన్న పడవలో వేటకెళితే, అతను తెచ్చిన చేపని ఈవిడ ఇంటింటికీ తిరిగి అమ్మేది. ఆవిడే అందుకుంది.

"ఐసు లేపోతే మాపటికి సేప రెండోసారి సచ్చిపోద్ది బాబూ. అప్పుడు మా పిల్లలకేటి పెట్టాల?"

"అందుకు బాబూ" అన్నాడు అప్పలసూరి.

తర్వాతి వేసవిలో మూడు రోజులు కరెంటు పోయింది. హార్బరులో మా ఫ్యాక్టరీ ఒక్కటే డీజిలు ఇంజను మీద నడిచింది. ఆ తర్వాత గురునాథరావు గారు ఆ నోటుబుక్కుని వచ్చినవాళ్లకల్లా చూపించేవారు. ఆయన తిరగేసి చూపించేవారే గానీ, పూర్తిగా చదివినట్టు నాకు ఎప్పుడూ అనిపించలేదు.

చదివి ఉంటే అందులో ఒక పేజీ ఆయన కంట పడేది. "ఐసు తక్కువున్నప్పుడు ఎవరికి ముందు" అని. ముందు ఆసుపత్రి. తర్వాత చిన్న పడవలు, బుట్టలమ్మేవాళ్లు. ఆ తర్వాతే పెద్ద ట్రాలర్లూ, రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీలూ. అప్పలసూరి చెప్పాడు, నేను రాశాను. ఇద్దరికీ అందులో తప్పు కనపడలేదు.

కొన్నేళ్లకి ఒక కార్తీకంలో పెద్ద గాలివాన కొట్టింది. ఒకటిన్నర రోజు వదల్లేదు. బీచి రోడ్డులో స్తంభాలు వరసగా పడిపోయాయి. వేటకెళ్లిన పడవల్లో చాలా వాటికి కబురు అందలేదు. కన్నబాబు పడవ కూడా అందులో ఉంది.

గాలి తగ్గిన పూట నేను మోకాటి లోతు నీళ్లలో ఫ్యాక్టరీకి వెళ్లేసరికి డీజిలు ఇంజను చప్పుడు వినపడుతోంది. అప్పలసూరీ గవర్రాజూ ఇంకో నలుగురూ రెండు రోజులుగా ఇంటికే వెళ్లలేదట. రెండు కంప్రెసర్లలో ఒకటే తిరుగుతోంది, సగం ఐసే వస్తోంది. అయినా వస్తోంది. నోటుబుక్కు ఒక గోనె మీద తెరిచి ఉంది.

మూడో రోజు పొద్దున్నే రెండు బళ్లు ఒకేసారి గేటు ముందు ఆగాయి. ఒకటి రొయ్యల కంపెనీ లారీ. రెండోది ఆసుపత్రి వ్యాను. అందులోంచి దిగిన మనిషి నా బల్ల మీద రెండు చేతులూ ఆనించి, మెల్లగా చెప్పాడు. ఒడ్డుకి కొట్టుకొచ్చినవాళ్లని మార్చురీకి తెచ్చారు. అక్కడ కరెంటు లేదు. పల్లెల నుంచి ఇంటివాళ్లు రావడానికి దారుల్లేవు. ఐసు కావాలి.

గురునాథరావు గారు లోపలే ఉన్నారు. "లారీకి ముందు మాటిచ్చాను. దానికి లోడు చెయ్యండి. వ్యానుకి సాయంత్రం చూద్దాం."

"సాయంత్రం దాకా ఆగరు బాబూ ఆలు" అన్నాడు అప్పలసూరి.

"ఎవరు?"

"సచ్చిపోనోలు."

ఓనరుగారి మొహం ఎర్రబడింది. "ఇది వ్యాపారమయ్యా. ఈ కంపెనీ రేపటి నుంచి ఇంకో చోటికెళితే, నీ డీజిలూ నీ బెల్టులూ ఎవరికి?"

అప్పలసూరి గోనె మీది నోటుబుక్కు తెచ్చి, ఆ పేజీ తీసి ఆయన ముందు పెట్టాడు. "మిషను ఆగకుండా ఎందుకు సూసినాం బాబూ? ఇలాటి రోజుకే గదా."

ఆయన పేజీ చూసి, అక్షరాలు గుర్తుపట్టి, నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను. ఆ సందులో అప్పలసూరి వెళ్లి, గవర్రాజుతో కలిసి దిమ్మలు వ్యానులోకి ఎక్కించేశాడు. లారీ మధ్యాహ్నం దాకా నిలబడి, సగం లోడుతో వెళ్లింది.

నాలుగు రోజుల తర్వాత కాసులమ్మ వచ్చింది. చేతిలో బుట్ట లేదు. గేటు దగ్గర నిలబడి అప్పలసూరిని పిలిపించింది.

"ఆసుపత్రి కాడ మొకం తెలిసింది బాబూ" అంది. "మా ఇంటోడే. మొకం తెలిసింది." వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. అప్పలసూరి కంప్రెసరు గదిలోకి వెళ్లి తలుపు దగ్గరకేసుకున్నాడు.

గురునాథరావు గారు అప్పుడేం అనలేదు. ఊరంతా కరెంటు వచ్చి, పనులు సర్దుకునేదాకా అప్పలసూరి అవసరం ఉంది. ఆయన కోపంలో కూడా లెక్క తప్పే మనిషి కాదు.

అసలు దెబ్బ దగ్గుతో వచ్చింది. గొట్టం పగిలిన రోజు పీల్చిన గ్యాసు అప్పలసూరి గుండెల్లోంచి ఎప్పుడూ పూర్తిగా పోలేదు. గాలివానలో తడిసి పని చేశాక అది ముదిరింది. మెట్లెక్కితే ఆయాసం. మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకునేవాడు. డాక్టరు మూడు వారాలు ఆసుపత్రిలో ఉండమన్నాడు. అతను గవర్రాజుకి తాళాలిచ్చి వెళ్లాడు.

ఆ మూడు వారాలూ ఫ్యాక్టరీ ఒక్క పూట ఆగలేదు. ఒక దిమ్మ తగ్గలేదు.

ఒక మధ్యాహ్నం గురునాథరావు గారు నన్ను పిలిచారు. "ఆ నోటుబుక్కు తీసుకురా."

ఎందుకో నాకు తెలుసు. అవును, తెలుసు. కనపడటం లేదని ఒక మాట అనొచ్చు. ఇంట్లో ఉందని అనొచ్చు. నాకు ఇద్దరు ఆడపిల్లలు, ముసలి తల్లి. తీసుకెళ్లి బల్ల మీద పెట్టాను. ఆయన పేజీలు తిప్పుకుంటూ వెళ్లి "అప్పలసూరి లేకపోతే" దగ్గర ఆగారు. ఆరు పేజీలూ తీరిగ్గా చదివారు. మొదటిసారి పూర్తిగా చదవడం చూశాను.

"బాగా రాయించాడు" అన్నారు. తర్వాత ఉత్తరం చెప్పారు. ఆరోగ్య కారణాల వల్ల, ఫలానా తేదీ నుంచి. నేను టైపు చేశాను. ఒక్క తప్పు కూడా పోలేదు.

ఆ ఉత్తరం అప్పలసూరికి నేనే ఇచ్చాను. అతను కూడబలుక్కుని చదువుకున్నాడు. "సలమయ్య మావ సెప్పినాడు" అని మాత్రం అన్నాడు. నా మీద కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

దేముడమ్మ రొయ్యలు వలిచే షెడ్డులో పనికి కుదిరింది. వాళ్ల కాపురం కొండవాలున రేకుల ఇంట్లో. అతను పగలంతా వాకిట్లో నులక మంచం మీద కూర్చుని ఉండేవాడు.

ఆరు నెలలకి ఫ్యాక్టరీలో కొత్త చిక్కు వచ్చింది. అమ్మోనియా కొత్తగా నింపాక, ఒత్తిడి చూపే గేజీలో ముల్లు పైపైకి పోతోంది. కంప్రెసరు వేడెక్కి మూలుగుతోంది. గవర్రాజు నోటుబుక్కంతా వెతికాడు, ఎక్కడా లేదు. ఆపితే ట్యాంకులోని దిమ్మలన్నీ పోతాయి. నడిపితే ఏ జాయింటు ఎప్పుడు పగులుతుందో తెలీదు. ట్యాంకు మీద నలుగురు పని చేస్తున్నారు. అతను నన్ను తీసుకుని ఎండలో కొండెక్కాడు.

అప్పలసూరి అంతా విన్నాడు. దేముడమ్మ ఆ పూట ఇంట్లోనే ఉంది. చేతుల నిండా ఐసుకి పగిలిన పుండ్లు. గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"సెప్పకు" అంది మొగుడితో. గవర్రాజు వైపు తిరిగి, "అన్నా, నీ మీద కోపం నేదు. కానీ ఈ మనిషి ఉన్నదంతా ఇచ్చీసినాడు. ఇచ్చినందుకే పంపీసినారు. మిగిలిన ఒక్కటీ కూడా పట్టుకుపోతానంటావా?"

గవర్రాజు ఏడ్చేశాడు. "నిజవే సెల్లీ. నిజవే. ఎల్లిపోతాం."

మేము లేచాం. వాకిలి దాటాక వెనక నుంచి దగ్గు, ఆ దగ్గు మధ్య పిలుపు వినపడ్డాయి. "బావా! ట్యాంకు మీద ఎవులున్నారు ఇప్పుడు?"

గవర్రాజు నలుగురి పేర్లూ చెప్పాడు. అందులో నూకాలుకి కిందటి నెలే కొడుకు పుట్టాడు.

అప్పలసూరి కళ్లు మూసుకున్నాడు. "గొట్టాల్లో గాలి సేరిపోనాది. కండెన్సరు పైన సిన్న కుళాయి ఉంది సూడు..." అని మొదలుపెట్టాడు. ఒక్కో మాటకీ ఆగుతూ, గాలి ఎలా వదలాలో, బకెట్టు నీళ్లలో గొట్టం ఎలా ముంచాలో, బుడగలు ఎలా ఉంటే ఆపాలో చెప్పాడు. దేముడమ్మ లోపలికెళ్లిపోయింది. నేను రాశాను. గవర్రాజు పరిగెత్తుకుంటూ కొండ దిగాడు.

నేనూ లేవబోయాను. "కూకోండి బాబూ. ఇంకో పేజీ ఉంది" అన్నాడు.

"ఏమిటి?"

"మిషను ఆగితే ఏటి సెయ్యాలో ఎనిమిదేళ్లు రాయించినాను. మనిసి ఆగిపోతే ఏటో ఒక్క ముక్క రాయించనేదు. తప్పు నాదే. నాను ఫ్యాక్టరీ ఆగకూడదనుకున్నాను. లోపలోలు ఆగిపోతే ఆలేటవుతారో అనుకోనేదు. ఇకమీద ఎవులు రాసినా ముందు అది రాయాల."

ఆ పేజీ నా దగ్గర ఇప్పటికీ ఉంది. గ్యాసు గదిలోకి ఎవరూ ఒంటరిగా వెళ్లకూడదు. పనిలో దెబ్బ తగిలినవాడి పేరు హాజరు పట్టీలోంచి కొట్టెయ్యకూడదు. బరువు పని చెయ్యలేని వాడికి కూర్చుని చేసే పని చూపించాలి. అలా చూపించకుండా పంపేస్తే మిగతావాళ్లందరూ గేటు బయటికి రావాలి, ఐసు కరిగినా సరే. "ఐసు కరిగినా సరే" అని రెండుసార్లు చెప్పాడు, తన నోటితో తను అన్నది నమ్మలేనట్టు.

ఎనభై ఎనిమిది ఫిబ్రవరిలో, ఒక మంగళవారం మధ్యాహ్నం అప్పలసూరి పోయాడు. కబురు వచ్చేసరికి లోడింగు జరుగుతోంది. మోటార్లు ఆపుదామని ఒకరిద్దరు అన్నారు. ఎవరూ ఆపలేదు. షిఫ్టులో ఉన్నవాళ్లు ఉండిపోయారు, లేనివాళ్లం వెళ్లాం. పాడె మోసినవాళ్లలో నేనూ ఉన్నాను. దేముడమ్మ నన్ను చూసి మొహం తిప్పుకుంది.

మరుసటి ఏడు గొలుసు జారి నూకాలు చెయ్యి నలిగిపోయింది. గురునాథరావు గారు మళ్లీ ఉత్తరం చెప్పారు. నేను రాసుకుని, టైపు చెయ్యకుండా కంప్రెసరు గదికి వెళ్లి గవర్రాజు చేతిలో పెట్టి, అప్పలసూరి చెప్పిన ఆఖరి పేజీ అందరికీ చదివి వినిపించాను. ఆ రోజు పది గంటలకి అందరూ గేటు బయటికొచ్చి నిలబడ్డారు. మోటార్లు ఆగిన చప్పుడు నాకు కొత్త. ఎనిమిది గంటలు గడిచాక ఓనరుగారు దిగొచ్చారు. నూకాలుకి గేటు దగ్గర కాపలా పని ఇచ్చారు. ఆ నెలాఖరుకి నన్ను తీసేశారు.

తర్వాత నేను ద్వారకా నగర్‌లో ఒక టైపు ఇన్‌స్టిట్యూటులో కుదిరాను. ఒకసారి హార్బరు వైపు వెళ్లి రొయ్యల షెడ్డు ముందు దేముడమ్మని చూశాను. నూకాలు సంగతి చెప్పాను, ఆ పేజీ వల్లే నిలిచాడని చెప్పాను. ఆవిడ రొయ్య వలవడం ఆపకుండా విన్నది.

"నూకాలు నిలిచినాడు గదా" అంది. "మంచిది." ఇంకో గుప్పెడు ఐసులోంచి తీసి వలవడం మొదలెట్టింది.